ఫెమ్టోసెకను లేజరుతో అణువు విడిపోవడాన్ని నిజంగా వీడియో తీస్తారా?

తీయరు, ఒకేసారి ఉత్తేజితమైన అసంఖ్యాక అణువులను వేర్వేరు ఆలస్యాల వద్ద మళ్లీ మళ్లీ కొలిచి, ఆ కొలతలను వరుసగా పేర్చి కదలికను రాబడతారు.

సెకనును కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ పది కోట్ల భాగాలు చేస్తే వచ్చేది ఒక ఫెమ్టోసెకను. అంత వేగంగా తెరుచుకుని మూసుకునే కెమెరా ఏదీ లేదు. అందుకే మొదటి లేజరు స్పందనతో, అంటే అతి స్వల్పకాలపు కాంతి తునకతో, అణువును ఉత్తేజపరిచి, రెండో స్పందనను కాస్త ఆలస్యంగా పంపి పరిశీలిస్తారు. ఆ ఆలస్యాన్ని నిర్ణయించేది రెండో స్పందన దారిలోని ఒక అద్దం: దాన్ని 0.15 మైక్రోమీటర్లు వెనక్కి జరిపితే, కాంతి వెళ్లిరావలసిన దారి 0.3 మైక్రోమీటర్లు పెరిగి, స్పందన ఒక ఫెమ్టోసెకను ఆలస్యంగా చేరుతుంది.

అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త అహ్మద్ జెవైల్ బృందం 1980ల చివర్లో సోడియం అయోడైడ్ ఆవిరిని ఇలాగే పరిశీలించింది. ఉత్తేజిత అణువు వెంటనే తెగిపోలేదు. దాని రెండు పరమాణువులు దూరమై, తిరిగి దగ్గరై, సుమారు 1,250 ఫెమ్టోసెకన్లకు ఒకసారి ఊగాయి. ఊగిన ప్రతిసారీ దాదాపు పదో వంతు అణువులు మాత్రమే విడిపోవడంతో, విడిపోయిన సోడియం పరమాణువుల నుంచి వచ్చే సంకేతం మెట్లు మెట్లుగా పెరిగింది, ఎంతో అందమైన ఫలితమది. ఈ రంగంలో చేసిన కృషికి జెవైల్‌కు 1999లో రసాయన శాస్త్ర నోబెల్ లభించింది.

కాంతిని పట్టే డిటెక్టరు కూడా ఫెమ్టోసెకన్ల వేగంతో పనిచేస్తుందని చాలామంది పొరబడతారు. నిజానికి అది ఎంతో నెమ్మదైనది, సంకేతం ఎంత వచ్చిందో మాత్రమే చెబుతుంది. ఎప్పుడు అన్నది అద్దం ఉన్న చోటు చెబుతుంది.