‘ఈనియిడ్’ దగ్గర ఆగిపోయారా?

లాటిన్‌లో సీజర్ వచనం బాగానే చదువుతున్నాను, వర్జిల్ మహాకావ్యం ‘ఈనియిడ్’ మొదలుపెడితే మాత్రం రెండో పంక్తి దగ్గరే అన్వయం కుదరట్లేదు అన్నారు కదండీ. టెన్షన్ పడకండి, చాలామందికి బ్రేక్ పడేది అక్కడే. దానికోసం వ్యాకరణం మళ్లీ మొదటి నుంచి తిరగేయడం దండగ.

వర్జిల్ విశేషణాన్ని ఒకచోట, దాని విశేష్యాన్ని ఇంకోచోట పెడతాడు. రెండో పంక్తిలో ‘లావీనియ’ అనే విశేషణం వస్తుంది. దానికి జంట అయిన ‘లీటొర’, అంటే తీరాలు, మూడో పంక్తి మొదట్లో గానీ దొరకదు. నడుమ ‘వేనిట్’ అనే క్రియ. కాబట్టి కనపడిన పదానికల్లా వెంటనే అర్థం తేల్చేయకండి. విభక్తి గుర్తుపెట్టుకుని జంట దొరికేదాకా ఆగండి.

ఛందస్సును పక్కన పెట్టారనుకుంటా, అది మాత్రం వద్దు. పంక్తికి ఆరు గణాలు. మొదటి ఐదూ మన భగణమో (ఒక గురువు, రెండు లఘువులు), రెండు గురువులో. ఐదోది దాదాపు ఎప్పుడూ భగణమే. ఆరో గణం గురువుతోనే మొదలవ్వాలి. ఆ ‘వేనిట్’నే చూడండి. మొదటి అక్షరం దీర్ఘమైతే ‘వచ్చాడు’, హ్రస్వమైతే ‘వస్తున్నాడు’. దీర్ఘచిహ్నాలు లేని అచ్చు పుస్తకాల్లో రెండూ ఒకేలా ఉంటాయి. ఇక్కడది ఆరో గణంలో పడింది కనుక ‘వచ్చాడు’ అనే తీసుకోవాలి.

అప్పటికీ బరువనిపిస్తే ముందు ఓవిడ్ అనే కవి రాసిన ‘మెటమార్ఫసెస్’లో ఒకటి రెండు కథలు చదవండి. ఛందస్సు అదే, వాక్యం కాస్త తేలిక.