రెండు కార్డుల కంప్యూటర్‌కు ఎస్‌ఎంపీఎస్ కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

పాత ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులు రెండు సంపాదించావని, తెలుగు మాటను గుర్తుపట్టే ఏఐ మోడల్‌కు ఇంట్లోనే శిక్షణ ఇస్తావని చదివి చాలా సంతోషించాను. ఒక్కోదానిలో 24 జీబీ మెమరీ ఉంది, నీ పనికి మంచి ఎంపిక. కానీ మదర్‌బోర్డు, ప్రాసెసర్, క్యాబినెట్ అన్నీ తేల్చుకుని, మిగిలిన డబ్బుకు ఎన్ని వాట్ల ఎస్‌ఎంపీఎస్ (అన్ని భాగాలకూ కరెంటు అందించే డబ్బా) వస్తుందని అడిగావే, అది నాకు నచ్చలేదు. ముందు దానికి డబ్బు పక్కన పెట్టు. ఇంకేది పాడైనా అదొక్కటే పాడవుతుంది. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే తనతోపాటు కార్డులనూ తీసుకుపోవచ్చు.

లెక్క చూద్దాం. కార్డుకు 350 చొప్పున 700 వాట్లు, ప్రాసెసర్‌కు 150, మిగతా వాటికి 100. మొత్తం 950. వెయ్యి వాట్లది చాలనిపిస్తుంది, కానీ చాలదు. 350 అన్నది సగటు మాత్రమే. 3090 కొన్ని మిల్లీసెకన్ల పాటు అంతకు ఎంతో పైకి ఎగురుతుంది. శిక్షణలో రెండు కార్డులూ ఒకే పనిని పంచుకుంటాయి కాబట్టి తరచూ కలిసే ఎగురుతాయి. అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ ఏర్పాటు ప్రమాదమనుకుని మొత్తం ఆపేస్తుంది. కార్డు పోయిందని దిగులుగా నా దుకాణానికి వచ్చినవాళ్లలో కొందరికి ఎస్‌ఎంపీఎస్ మార్చి ఇస్తే సరిపోయింది. నువ్వు 1200 వాట్లకు తగ్గవద్దు, 1300 అయితే నిశ్చింత. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం తయారైనదే అడుగు. కొత్త రకం గ్రాఫిక్స్ సాకెట్ ఉన్న ఆ ఎస్‌ఎంపీఎస్‌లు సెకనులో పదివేలవ వంతు సేపు తమ సామర్థ్యానికి రెట్టింపు లోడును తట్టుకోవాలని అందులో నియమం ఉంది.

డబ్బా మీద బంగారు రంగు ముద్ర చూసి మోసపోకు. 80 ప్లస్ గోల్డ్ అంటే కరెంటును ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే కొలత. ఎన్నాళ్లు మన్నుతుందో అది చెప్పదు. పైగా ఆ పరీక్ష చేసేది 23 డిగ్రీల ప్రాంతంలో. మన మే నెలలో మూసిన గదిలో, రెండు కార్డుల వేడి పక్కన ఆ డబ్బా ఎంత వేడిని భరించాలో ఊహించు. 50 డిగ్రీల దగ్గర కూడా పూర్తి వాట్లు ఇస్తానని తయారీదారు రాసిచ్చినదే తీసుకో. పక్కనున్న లేబుల్ చదువు. 12 వోల్టుల గడిలో ఉన్న ఆంపియర్లను 12తో హెచ్చవేస్తే, పైన గొప్పగా రాసిన వాట్లకు దాదాపు సమానంగా రావాలి. 1200 వాట్లదానికి 100 ఆంపియర్లు. చాలా తక్కువ వస్తే అక్కడే వదిలెయ్యి. పదేళ్ల వారంటీ ఉన్నవి దొరుకుతాయి, బిల్లు మాత్రం జాగ్రత్త చేసుకో.

తీగల విషయంలో నేను ఒకసారి తప్పు చేశాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఒక విద్యార్థి కంప్యూటర్‌లో, చివర రెండు ప్లగ్గులున్న ఒకే తీగతో కార్డులోని రెండు సాకెట్లనూ నింపాను. చూడటానికి శుభ్రంగా ఉంది. నాలుగు నెలలకు ప్లగ్గు మాడి, కార్డు సాకెట్ నల్లబడి వచ్చింది. ఎనిమిది పిన్నుల ప్లగ్గు ఒక్కోటి 150 వాట్లకు ఉద్దేశించినది. కార్డుకు రెండు సాకెట్లుంటే రెండు వేరు తీగలు, మూడుంటే మూడు. డిస్కులకిచ్చే సాటా ప్లగ్గు నుంచి అడాప్టర్‌తో కార్డుకు కరెంటు ఇవ్వనే వద్దు. ఇంకొకటి, పాత ఎస్‌ఎంపీఎస్ తీగలు కొత్తదానికి పెట్టకు. కార్డు వైపు పిన్నులు ఒకే తీరుగా ఉన్నా, డబ్బా వైపు అమరిక కంపెనీ కంపెనీకీ మారుతుంది. సరిగ్గా కూర్చుంటుంది, కానీ స్విచ్ వేయగానే బోర్డు, డిస్కు పోవచ్చు.

రెండు చిన్న ఎస్‌ఎంపీఎస్‌లు కలిపి వాడమని ఎవరో చెప్పారన్నావు. వద్దు తల్లీ, రెండు కార్డులకు ఆ తలనొప్పి అవసరం లేదు.

ఇక గోడ సంగతి. ఈ కంప్యూటర్ పూర్తి వేగంలో సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. మానిటర్, ఫ్యాన్ ఉన్న 6 ఆంపియర్ల స్విచ్ బోర్డుకు దీన్నీ తగిలించకుండా, 16 ఆంపియర్ల సాకెట్ వేయించు. ఎర్తింగ్ కూడా చూపించు. మీ ఇంట్లో పాత కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుందని నువ్వే చెప్పావు. ఎర్తు లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కారే కరెంటు అది. ఇన్వర్టర్ లైనుకూ కలపకు. మీ 900 వీఏ ఇన్వర్టర్ దీన్ని మోయలేదు. కరెంటు పోయాక మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా పూర్తి లోడు మీద కొన్ని మిల్లీసెకన్ల పాటే నిలబడుతుంది, చాలా ఇన్వర్టర్లు అంతలో అందుకోలేవు. మామూలు లైను మీదే నడుపు, అరగంటకోసారి శిక్షణ ఫలితం డిస్కులో దాచేలా రాసుకో.

ఒక్కో కార్డుకు 280 వాట్ల పరిమితి పెట్టి చూడు. వేగం కొద్దిగానే తగ్గుతుంది, గది వేడి మాత్రం బాగా తగ్గుతుంది. అలాగని తక్కువ వాట్ల ఎస్‌ఎంపీఎస్ కొనవద్దు.

డబ్బు కట్టే ముందు లేబుల్ ఫోటో తీసి నాకు పంపు. ఎలక్ట్రీషియన్‌ను ఈ వారంలోనే పిలిపించమని మీ నాన్నతో చెప్పు, డబ్బా ఇంటికొచ్చేలోపు ఆ సాకెట్ సిద్ధంగా ఉండాలి.

ప్రేమతో,
మామయ్య