విగాటా ఠాణా మనుషులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇటలీకి దక్షిణాన సిసిలీ దీవి, అందులో విగాటా అనే చిన్న రేవుపట్నం, ఆ ఊరి పోలీసు స్టేషను. ఆంద్రెయా కమిల్లేరి రాసిన ఇన్‌స్పెక్టర్ మోంటల్బానో నవలలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. వాటి ఇంగ్లిషు అనువాదాలు చదువుతున్న పాఠకులు అడిగిన కొన్ని ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మొత్తం 28 నవలలంటున్నారు. వరసగానే చదవాలా? మా లైబ్రరీలో మధ్యవే దొరుకుతున్నాయి. (తెనాలి)

కేసు వరకైతే ఏ నవలకు ఆ నవలే. హంతకుడెవరో తెలుసుకోవడానికి ముందుది చదవక్కర్లేదు. మనుషుల కోసం చదవాలనుకుంటే మాత్రం మొదటి నాలుగూ వరసలోనే పట్టండి: 'ద షేప్ ఆఫ్ వాటర్' (ఇటాలియన్‌లో 1994), 'ద టెర్రకోట డాగ్' (1996), 'ద స్నాక్ థీఫ్' (1996), 'వాయిస్ ఆఫ్ ద వయోలిన్' (1997). మొదటిది కాస్త పలచగా అనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికి ఠాణా ఇంకా నిండలేదు. మూడోదాంట్లో ఫ్రాన్స్వా అనే కుర్రాడు వస్తాడు. బడిపిల్లల చేతుల్లోంచి తినుబండారాలు లాక్కుని పారిపోతుంటాడు. వాడి మూలంగా మోంటల్బానోకీ, అతను ప్రేమించిన లివియాకీ మధ్య పడిన ముడి చాలా నవలల దాకా విడదు. ఆ సంగతి తెలియకపోతే తర్వాతి పుస్తకాల్లో వాళ్ల ఫోను తగాదాలు ఊరికే విసుగు పుట్టిస్తాయి.

మధ్యవే గతి అయితే 'ఆగస్ట్ హీట్' (2006) తీసుకోండి. సముద్రం ఒడ్డున అద్దెకు తీసుకున్న ఇంటి కింద ఇంకో అంతస్తు బయటపడుతుంది. అనుమతి లేకుండా కట్టేసి, సర్కారు క్రమబద్ధీకరణకు అవకాశం ఇచ్చేదాకా మట్టి కప్పి దాచిన అంతస్తు అది. అందులో ఒక ట్రంకు పెట్టె, పెట్టెలో ఒక అమ్మాయి శవం. అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ గురించి పేపర్లో చదివే మనవాళ్లకు ఆ శవం అన్నేళ్లు ఎలా దాగిందో విడమరిచి చెప్పక్కర్లేదు.

'రికార్డినో' మాత్రం ఆఖర్నే చదవాలి. కమిల్లేరి దాన్ని 2005లోనే రాసి, 2016లో భాష సవరించి, తాను పోయాకే అచ్చు వెయ్యమని ప్రచురణకర్తల దగ్గర ఉంచారు. ఆయన 2019 జులైలో పోయారు, పుస్తకం 2020లో వచ్చింది. అందులో రచయితే ఫోన్ చేసి మోంటల్బానోతో వాదన వేసుకుంటాడు. పాత పుస్తకాల పరిచయం లేనివారికి ఆ వాదనలో పస తెలియదు.

ప్రశ్న: చదివిన నెలకే కథ మరిచిపోతాను గానీ మనుషులు గుర్తుండిపోతున్నారు. ఇందులో కిటుకేమిటి? (హనుమకొండ)

ఒక్కొక్కరికీ ఒక తిక్క ఉంటుంది. దర్యాప్తుకు పనికొచ్చేదీ, దర్యాప్తుకు అడ్డం పడేదీ ఆ తిక్కే. ఈ నవలల బలమంతా ఇక్కడే ఉంది.

మోంటల్బానో కింద పనిచేసే ఫాత్సియోని చూడండి. ఎవరి గురించైనా వాకబు చేసి రమ్మంటే జేబులోంచి కాగితం తీసి, ఆ మనిషి తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన ఊరు, తేదీ చదవబోతాడు. మోంటల్బానో కస్సుమంటాడు. ఫాత్సియో మొహం చిన్నబుచ్చుకుని కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. అయితే ఏదైనా పని పురమాయించేలోపే "అది అయిపోయింది సార్" అనేది కూడా ఇతనే. అదీ మోంటల్బానోకి ఒళ్లుమంటే. పుట్టుపూర్వోత్తరాలు వదలని ఆ చాదస్తమే లేకపోతే సగం కేసులు మొదటి వారంలోనే ఆగిపోయేవి.

కతరెల్లా ఫోన్ దగ్గర కూర్చుంటాడు. చేసినవాళ్ల పేరు ఒక్కటీ సరిగ్గా పలకడు, కాబట్టి ఎవరు చేశారో మోంటల్బానో ఊహించుకోవాలి. గదిలోకి వస్తూ తలుపు మీద చెయ్యి జారిందంటే అది దడాలున గోడకు కొట్టుకుంటుంది. ఇలాంటి పాత్రను నవ్వులకే వాడుకుంటే రెండో పుస్తకానికే మొహం మొత్తుతుంది. అందుకే కమిల్లేరి అతనికి కంప్యూటరు విద్య ఇచ్చారు. తాళం పడిన ఫైళ్లు తెరవాల్సి వచ్చినప్పుడు స్టేషన్లో అందరూ అతని వెనక నిలబడతారు.

శవపరీక్ష చేసే డాక్టర్ పస్క్వానో రాత్రి పేకాటలో ఓడితే మర్నాడు మంచిగా మాట్లాడడు. రికోటా జున్ను కూరిన కన్నోలీ మిఠాయి పట్టుకెళ్తే రిపోర్టు కన్నా ముందే నాలుగు ముక్కలు చెబుతాడు. డిప్యూటీ మిమీ ఔజెల్లోకి ఆడవాళ్ల పిచ్చి. మోంటల్బానోకి అతనితో సగం స్నేహం, సగం కీచులాట. అయినా మిమీ తన కొడుక్కి సాల్వో అని మోంటల్బానో పేరే పెట్టుకుంటాడు. వంటమనిషి అదెలీనా కొడుకులు జైలుకు వెళ్లొచ్చే బాపతు. అందులో ఒకణ్ని పట్టుకున్నది మోంటల్బానోయే. అయినా ఆమె అతని ఫ్రిజ్‌లో కూర వండి పెట్టి వెళుతుంది. లివియా ఊళ్లో ఉన్నన్నాళ్లు మాత్రం ఆ ఇంటి గడప తొక్కదు.

తిండి వర్ణనలు మరీ ఎక్కువని కొందరంటారు. భోజనం చేస్తుండగా మోంటల్బానో మాట్లాడడు, ఎవరినీ మాట్లాడనివ్వడు. తిన్నాక రేవు గోడ చివర, లైట్‌హౌసు కింద బండరాయి దాకా నడిచి కూర్చుంటాడు. కేసులో చిక్కులు చాలావరకు అక్కడే విడతాయి. ఆ పేజీలు దాటేసి చదివితే అతను ఆలోచించే చోటునే దాటేసినట్టు.

ఇంకొకటి, ఈ మనుషులకు వయసు పెరుగుతుంది, లోకం తగులుతుంది. 2001లో జెనోవాలో జి8 సమావేశాలప్పుడు నిరసనకారుల మీద పోలీసుల దాష్టీకం నిజంగా జరిగింది. 'రౌండింగ్ ద మార్క్' (2003) మొదట్లో మోంటల్బానో ఆ సిగ్గుతో రాజీనామాకు సిద్ధపడతాడు.

ప్రశ్న: మోంటల్బానో మన లెక్కలో సి.ఐ.నా, డి.ఎస్.పి.నా? కరబినియేరి అనే ఇంకో పోలీసులెవరు? (ఫ్రిస్కో, టెక్సస్)

అతని హోదా కొమ్మిస్సారియో. అధికారంలో డి.ఎస్.పి.కి, రోజువారీ పనిలో సి.ఐ.కి దగ్గర. ఇంగ్లిషులో ఇన్‌స్పెక్టర్ అనడంతో మనకు తికమక. పైన, జిల్లా కేంద్రం మోంటెలూసాలో కూర్చునే క్వెస్తోరే మన ఎస్పీ లాంటివాడు. వీళ్లంతా ఇటలీ హోంశాఖ కింద పనిచేస్తారు. కరబినియేరి రక్షణశాఖ కిందికి వచ్చే సైనిక దళమే అయినా నేర దర్యాప్తు కూడా చేస్తుంది. ఒకే ఊళ్లో రెండు ఠాణాలు, రెండు బాసుల వరసలు.

అసలు తేడా ప్రాసిక్యూటరు దగ్గర ఉంది. మన దగ్గర దర్యాప్తు పోలీసులదే. ప్రాసిక్యూటరు పని ముఖ్యంగా కోర్టులో. అక్కడ దర్యాప్తును నడిపేదే ప్రాసిక్యూటరు. శవం దగ్గర అందరూ ప్రాసిక్యూటరు తొమ్మాసేయో కోసం పడిగాపులు పడేది, మోంటల్బానో ఆయన దగ్గర సంగతులు దాచేది అందుకే.

ప్రశ్న: విగాటా నిజంగా ఉందా? (నెల్లూరు)

లేదు. కమిల్లేరి పుట్టిన పోర్తో ఎంపెదోక్లె దానికి మూలం, మోంటెలూసాకి అగ్రిజెంతో. 2003లో పోర్తో ఎంపెదోక్లె తన పేరు పక్కన విగాటా చేర్చుకుని, 2009లో తీసేసింది. టీవీ సీరియల్ చూసి వెళ్లేవాళ్లు మాత్రం రగూసా వైపు వెళ్లాలి. సముద్రం ఒడ్డు ఇల్లు పుంతా సెక్కాలో, ఠాణాగా చూపించిన భవనం షిక్లీ మునిసిపల్ ఆఫీసు.

ప్రశ్న: మా ఊరి స్టేషను పెట్టుకుని ఇలాంటి వరస రాయాలనుంది. ఎక్కడ తప్పులు దొర్లుతాయి? (నర్సీపట్నం)

మొదటి తప్పు ఎస్.ఐ.ని నాయకుణ్ని చేయడం. రెండు మూడేళ్లు తిరక్కుండా బదిలీ అయ్యే మనిషి మీద పది పుస్తకాలు నిలబడవు. మోంటల్బానో ప్రమోషన్ వస్తుందంటేనే హడలిపోతాడు, ఊరు వదలాల్సి వస్తుందని. మన దగ్గర కానిస్టేబుళ్లు జిల్లా స్థాయిలో ఎంపికవుతారు. ఊరి చుట్టరికాలు, పొలం గట్టు గొడవలు తెలిసిన హెడ్ కానిస్టేబుల్నో, స్టేషన్ రైటర్నో వెన్నెముకగా పెట్టుకోండి. ఎస్.ఐ.లు వస్తుంటారు, పోతుంటారు. ఒక్కో ఎస్.ఐ.తో ఒక్కో నవల నడపవచ్చు.

రెండోది, శవం కనపడగానే హత్య కేసు కట్టేయడం. ఎలా చనిపోయాడో తెలియనప్పుడు అనుమానాస్పద మృతిగా భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద కడతారు. మీ కథ 2024 జులై 1కి ముందుదైతే పాత చట్టంలో 174. శవపంచనామా, పోస్ట్‌మార్టం అయి, హత్యని తేలాక సెక్షన్ మార్చి మెమో కోర్టుకు పంపుతారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 103, అప్పట్లో ఐ.పి.సి. 302. మామూలుగా అక్కడే కేసు ఎస్.ఐ. చేతిలోంచి సి.ఐ. చేతికి వెళ్తుంది. ఆ చేతులు మారేచోట మీ హెడ్ కానిస్టేబుల్‌కు ఒక్కడికే తెలిసిన ముక్క ఒకటి ఉంచండి. చనిపోయింది పెళ్లై ఏడేళ్లు దాటని ఆడమనిషైతే పంచనామాకు తహసీల్దారు వస్తారు. అప్పుడు మీ కథలోకి ఇంకో ఆఫీసు మనుషులు వస్తారు.

మూడోది అన్నిటికంటే పెద్దది. నాలుగు తగిలిస్తే ముద్దాయి ఒప్పుకున్నాడు, కథ కంచికి. పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. అతను చెప్పినదాన్ని బట్టి కత్తో, నగో దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన మాట వరకే చెల్లుతుంది. అందుకే బావిలోంచి కత్తి తీసేటప్పుడు మధ్యవర్తులు కావాలి, పంచనామా మీద వాళ్ల సంతకాలు కావాలి. ఇప్పుడు వీడియో కూడా తప్పనిసరి. ఏళ్ల తర్వాత కోర్టులో అదే మధ్యవర్తి "నాకేం తెలీదు, స్టేషన్లో సంతకం పెట్టమన్నారు" అని ఎదురుతిరగవచ్చు. చిన్న ఊళ్లో ఆ మధ్యవర్తి ముద్దాయికి మేనమామ వరసైనా అవుతాడు. ఒప్పుకోలు సీను కన్నా ఇక్కడే కథకు ఎక్కువ సరుకుంది.

ఇక గడియారం. అరెస్టు చేశాక, ప్రయాణం కాక 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ముందే పట్టుకొచ్చి ఇవాళ అరెస్టు చూపించారా అన్నది డిఫెన్సు లాయరు మొదటి ప్రశ్న. ఎఫ్.ఐ.ఆర్. కోర్టుకు ఎన్ని గంటలకు చేరిందన్నది రెండోది. హత్య కేసులో 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే ముద్దాయికి బెయిలు హక్కుగా వస్తుంది. జనరల్ డైరీలో వేళలు రాసే రైటరు మీ పాత్రే అయితే ఇవన్నీ అతని కలం కిందే జరుగుతాయి.

నిడివికి కమిల్లేరి కొలత వాడుకోండి: 18 అధ్యాయాలు, ఒక్కొక్కటి తన కంప్యూటర్ మీద 10 పేజీలు. అంతలో ఒక హత్య, పక్కనే నడిచే ఒక చిన్న కేసు సరిగ్గా పడతాయి. మూడో కేసు ఇరికిస్తే ముందుగా పలచబడేది స్టేషన్లో మనుషులే.