డిక్కీలో బ్యాటరీ: ముందు ఆ ఫ్యూజ్ సంగతి చూడండి

బ్రదర్, మీ పాత స్విఫ్ట్ 1.3 పెట్రోల్‌లో బ్యాటరీని డిక్కీలోకి మార్చాక సెల్ఫ్ బరువుగా తిరుగుతోందని, ఫ్యూజ్ ఇంజిన్ దగ్గర పెట్టించానని రాశారు. సెల్ఫ్ సంగతి తర్వాత, ముందు ఆ ఫ్యూజ్‌ని వెనక్కి మార్చండి. బ్యాటరీ ప్లస్ నుంచి అడుగులోపే ఉండాలి. ఇప్పుడున్నట్టయితే సీటు కింద కేబుల్ ఒరుసుకుని బాడీకి తగిలినా ఆపేది ఏదీ లేదు, కార్పెట్ అంటుకుంటుంది. కేబుల్ రేకు దాటే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ (అంచుకి ఒరుసుకోకుండా రంధ్రానికి తొడిగే రింగు) తప్పనిసరి.

ఇక సెల్ఫ్. మీరు వేసిన 25 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ నాలుగు మీటర్ల పొడవులో, 200 ఆంపియర్ల దగ్గర అర వోల్టు పైనే తినేస్తుంది. 50ది వేస్తే ఆ నష్టం సగమవుతుంది. కేబుల్ చివర్లకి తొడిగే లగ్గులు సుత్తితో కొట్టించొద్దు, హైడ్రాలిక్ క్రింపింగ్ (ప్రెస్‌తో గట్టిగా నొక్కించడం) చేయించండి. ఎర్త్ (బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వెళ్లే వైరు) బిగించేచోట పెయింట్ గీకి రేకు మెరవాలి. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరూ లావుదే వేయండి, చాలామంది మర్చిపోయేది దీన్నే.

హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీకీ మనుషులకీ మధ్య గోడ ఉండదు కదా. మామూలు బ్యాటరీ చార్జింగ్‌లో మండే హైడ్రోజన్ వాయువు వదులుతుంది. అందుకే వెంట్ గొట్టం ఉన్న ఏజీఎం (యాసిడ్ ఒలకని సీల్డ్ రకం) బ్యాటరీ తీసుకుని, ఆ గొట్టాన్ని కారు బయటికి పెట్టండి. బెల్టుతో కట్టి వదిలేయకుండా ఇనుప క్లాంపుతో ఫ్లోర్‌కి బోల్ట్ చేయించండి.

పని మొదలుపెట్టేముందు మైనస్ తీసేయండి, అన్నీ అయ్యాక చివర్లో అదే తగిలించండి.