ఫ్లాగ్ ఆపినా డేటా వెనక్కి రాదు

ప్రశ్న: మా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు నిల్వచేసే పద్ధతినే మారుస్తున్నాం. రిలీజ్‌కి ఆరు వారాలుంది. ఫీచర్ పూర్తయ్యేదాకా రిలీజ్ ఆపుదామని కొందరు, ఫ్లాగ్ (ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనక పెట్టి పంపేద్దామని కొందరు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?
- ఒక టీమ్ లీడ్

జవాబు: తేదీ మార్చకండి. ఒక ఫీచర్ కోసం రిలీజ్ ఆగిందంటే ఆ సందులో తలా ఒక మార్పు దూరుస్తారు. తర్వాత ఏదైనా చెడితే ఎవరి మార్పు వల్లో తేల్చలేక నలిగిపోతారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ 15 బీటా (విడుదలకు ముందు పరీక్ష) దశ ముగియవస్తుండగా, జేసన్ రూపంలోని డేటాతో పనిచేసే ఎస్‌క్యూఎల్ జేసన్ ఫీచర్లు కుదురుకోలేదని తీసేసి, మిగతాది 2022 అక్టోబర్‌లో విడుదల చేశారు. వాటిలో ముఖ్యమైనది, జేసన్ డేటాని పట్టికలా చూపే జేసన్ టేబుల్, 2024లో, వెర్షన్ 17లో వచ్చింది. ఎంతో కష్టపడి రాసిన కోడ్‌ని అలా పక్కన పెట్టగలిగినవాళ్లంటే నాకు చాలా గౌరవం.

ఫ్లాగ్ పెట్టండి, కాదనను. నా భయమంతా మీ డేటా గురించే. ఫ్లాగ్ ఆపగానే పాత కోడ్ నడుస్తుంది, సరే. ఈలోగా కొత్త పద్ధతిలో రాసిన లెక్కల్ని అది చదవగలదా? చదవలేకపోతే మీకు వెనక్కి దారి లేదు. అందుకని ఈ రిలీజ్‌లో రెండు పద్ధతుల్లోనూ రాయండి, చదవడం మాత్రం పాతదాన్నుంచే. రోజూ రెంటినీ పోల్చి చూడండి. ఒక నెలాఖరు ముగింపైనా దాటనివ్వాలి, ఎందుకంటే సర్దుబాటు ఎంట్రీలు, రివర్సల్స్ అన్నీ అప్పుడే వచ్చిపడతాయి. తేడా లేదని తేలాక, తర్వాతి రిలీజ్‌లో కొద్దిమంది కస్టమర్లకు కొత్తదాన్నుంచి చదివించండి. పాతదాంట్లో రాయడం అన్నిటికంటే చివర ఆపండి. రెండుచోట్ల రాయడమంటే టీమ్ విసుక్కుంటుంది. అయినా ఇవి జనం లెక్కలు, ఆ శ్రమ పడాల్సిందే.

ఫ్లాగ్‌కి కొత్త పేరే పెట్టండి. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ ట్రేడింగ్ సంస్థలో పాత ఫ్లాగ్‌నే మళ్లీ వాడారు. 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు, దాంట్లో ఎప్పుడో వాడకం ఆపేసిన కోడ్ లేచి షేర్ల ఆర్డర్లు పెట్టడం మొదలెట్టింది. కంగారులో మిగతా 7 సర్వర్లలో కొత్త కోడ్ తీసేశారు, దాంతో పాతది అన్నిచోట్లా నడిచింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. వెనక్కి వెళ్లడాన్ని కూడా ముందే టెస్ట్ సర్వర్ మీద చేసి చూడమనేది అందుకే.

నాలుగో వారం చివరికి రెండుచోట్ల రాయడం సిద్ధంకాకపోతే ఈ రిలీజ్ నుంచి తీసేయండి. ఆ మాట ఇప్పుడే, ఆ కోడ్ రాస్తున్నవాళ్లని కూర్చోబెట్టుకుని చెప్పండి.