పెకింగ్ ఒపేరాలో ఆడవేషాలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: చైనా సంప్రదాయ సంగీత నాటకమైన పెకింగ్ ఒపేరా వీడియోల్లో ఆడవేషాలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. తేడా ఎలా పట్టాలి? ఆడవేషాలకు పేరుపొందిన నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ ప్రత్యేకత ఏమిటి?

జవాబు: వేషాల్లో ప్రధాన విభాగాలు నాలుగు: షెంగ్ (పురుషుడు), దాన్ (స్త్రీ), జింగ్ (రంగుల ముఖం), చౌ (హాస్యగాడు). దాన్ వేషాల్లో ముందు చేతులు చూడండి. చొక్కా చేతుల చివర పొడవాటి తెల్ల పట్టు వేలాడుతూ, నడక నెమ్మదిగా ఉండి, పాట సన్నని కీచుస్వరంలో సాగితే అది చింగ్‌యీ, అంటే గౌరవప్రదమైన ఇల్లాలు. చేతిలో రుమాలు, చకచకా మాటలు, చురుకైన చూపులు ఉంటే హ్వాదాన్. ముసలమ్మ వేషమైన లావోదాన్ సహజమైన గొంతుతోనే పాడుతుంది. కళ్లు మూసుకుని విన్నా తెలిసిపోతుంది.

పూర్వం చింగ్‌యీకి పాటే ప్రాణం, అభినయం తక్కువ. నటుడు వాంగ్ యావ్‌చింగ్ ఆ గిరి దాటారు. ఆయన బాటలో మెయ్ (1894–1961) పాట, నటన, నృత్యం, కత్తిసాము కలిపి హ్వాషాన్ అనే వేషానికి నిండుదనం తెచ్చారు. ‘ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్’ నాటకంలో రాజు ప్రియురాలు యూ జీ పాత్రలో ఆయన చేసిన జంట కత్తుల నృత్యం తప్పక చూడండి. సాటిలేనిది!

ప్రశ్న: ఆ పట్టు చేతులను అంత అందంగా ఎలా విసురుతారు?

జవాబు: కదలిక భుజం దగ్గర మొదలై మోచేయి, మణికట్టు మీదుగా వేళ్లకు చేరాలి. మణికట్టు ఒక్కదాన్నే విదిలిస్తే గుడ్డ చుట్టుకుపోతుంది. వెనక్కి తీసుకునేటప్పుడు చిన్నచిన్న విసుర్లతో మణికట్టు మీద మడతలుగా పడేలా చూడాలి, రెండో చేత్తో లాగితే అందం పోతుంది. ఈ విద్యలో మరో ఆడవేషాల నటుడు చెంగ్ యెన్‌చ్యో దిట్ట. పట్టు చేతుల వాడకాన్ని పది కదలికలుగా విడదీసి నేర్పారు.