కాలేజీలో హీరో, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఫెయిల్యూరేనా?

ప్రశ్న: నమస్తే అండి. అమెరికా వచ్చాకే నేను ఐస్ హాకీ చూడటం మొదలెట్టాను, అది కూడా ఎక్కువగా కాలేజీ మ్యాచ్‌లే. మా ఫ్రెండ్‌కీ నాకూ ఒక వాదన తెగట్లేదు. హార్వర్డ్‌లో ఆడిన జిమ్మీ వీసీ 2016లో హోబీ బేకర్ అవార్డు కొట్టాడు, ఆ సమ్మర్‌లో అతని కోసం ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల టాప్ ప్రొఫెషనల్ హాకీ లీగ్) టీమ్‌లు ఎగబడ్డాయి, తీరా చూస్తే ఒక్క సీజన్‌లో కూడా 20 గోల్స్ కొట్టలేదు, టీమ్ తర్వాత టీమ్ మారుతూ వచ్చాడు. ఇంతకన్నా డిజప్పాయింట్‌మెంట్ ఏముంటుంది అంటాడు మావాడు. నాకెందుకో అలా అనిపించట్లేదు గానీ గట్టిగా చెప్పడానికి పాయింట్ దొరకట్లేదు. మీరేమంటారు?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పిన నంబర్లు కరెక్టేనండి, 17 గోల్సే అతని బెస్ట్, అదీ రెండు సీజన్లలో. కానీ నేను మీ పక్షమే. కెరీర్ నిరాశపరిచిందా లేదా అని తేల్చే ముందు, అసలు ఆ ఆశ ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు పెంచారు, దానికి ఆధారం ఎంత అని చూడాలి కదా. వీసీ విషయంలో ఎవరూ ఆ పని చెయ్యరు, డైరెక్టుగా గోల్స్ లెక్కపెట్టి తీర్పు ఇచ్చేస్తారు.

ముందు అవార్డు సంగతి చూద్దాం. ప్రిన్స్‌టన్‌లో ఆడి, 1918లో ఫ్రాన్స్‌లో విమాన ప్రమాదంలో చనిపోయిన హోబీ బేకర్ పేరు మీద 1981 నుంచి దీన్ని ఇస్తున్నారు, అమెరికా కాలేజీల మగవాళ్ల హాకీలో ఆ ఏడాది బెస్ట్ ప్లేయర్‌కి. ఆ ఏడాదికి, ఆ కాలేజీ మ్యాచ్‌లకి, అంతే. తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏమవుతాడో అది చెప్పదు, చెప్తానని ఎవరికీ మాటా ఇవ్వలేదు. గెలిచినవాళ్ల లిస్ట్ ఒకసారి చూడండి. పాల్ కరియా మెయిన్ యూనివర్సిటీలో ఫస్ట్ ఇయర్‌లోనే 39 మ్యాచ్‌ల్లో 100 పాయింట్లు (గోల్ కొట్టినా, గోల్‌కి పాస్ ఇచ్చినా ఒక పాయింట్) కొట్టి 1993లో గెలిచాడు, ఆ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్లాడు. 2019లో గెలిచిన కేల్ మకార్ మరుసటి ఏడాదే ఎన్‌హెచ్‌ఎల్‌లో బెస్ట్ రూకీ, అంటే కొత్త ప్లేయర్ అయ్యాడు, 2022లో లీగ్ చాంపియన్లకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తాడు. బాగుంది. ఇప్పుడు అదే లిస్ట్‌లో 2005 మార్టీ సెర్టిచ్, 2007 రయాన్ డంకన్, 2012 జాక్ కానలీ, ఈ ముగ్గురూ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2013లో గెలిచిన డ్రూ లెబ్లాంక్ ఆడింది రెండే రెండు మ్యాచ్‌లు. 2003లో పీటర్ సేయ్‌నా కొలరాడో కాలేజీకి 42 మ్యాచ్‌ల్లో 82 పాయింట్లు కొట్టాడు, చూసినవాళ్లు ఇంకేం కావాలి అనుకుని ఉంటారు, ఎన్‌హెచ్‌ఎల్‌లో 49 మ్యాచ్‌లతో ఆగిపోయాడు. వీళ్లలో ఎవరూ కాలేజీలో అదృష్టంతో గెలిచినవాళ్లు కారు. అంటే ఈ లిస్ట్‌లో పేరుంది కాబట్టి పెద్ద స్టార్ అయి తీరాలి అన్న లెక్క మొదట్లోనే తేడా కొడుతుంది.

ఎందుకిలా అంటే పెద్ద కారణం వయసు. 2015లో ఆ అవార్డుకి ఫైనల్‌గా మిగిలిన ముగ్గురిలో వీసీ కూడా ఉన్నాడు, గెలిచింది మాత్రం బోస్టన్ యూనివర్సిటీ కుర్రాడు జాక్ ఐకెల్. ఐకెల్ 40 మ్యాచ్‌ల్లో 71 పాయింట్లు, వీసీ 37 మ్యాచ్‌ల్లో 58 పాయింట్లు, అందులో 32 గోల్స్. పేపర్ మీద పెద్ద తేడా లేనట్టే ఉంటుంది. కానీ ఐకెల్‌కి అప్పుడు 18 ఏళ్లు, వీసీకి 21. పద్దెనిమిదేళ్లకే తనకన్నా మూడు నాలుగేళ్లు పెద్దవాళ్ల మధ్య దూరిపోయి ఆ పాయింట్లు తెచ్చేవాడు వేరే లెవెల్. ఒళ్లు పూర్తిగా గట్టిపడ్డాక, లీగ్‌లో తనే సీనియర్ అయ్యాక తెచ్చేవాడు కూడా మంచి ప్లేయరే, కాకపోతే ఇంకా పెరగడానికి అతని దగ్గర మిగిలిన చోటు తక్కువ. స్కౌట్‌లు మొదట చూసేది ఇదే, ఫ్యాన్స్ చివరికి కూడా చూడనిది ఇదే. పైగా కాలేజీ సీజన్ అంటే 35, 40 మ్యాచ్‌లు, ఎక్కువగా శుక్ర శనివారాలే, వారమంతా జిమ్ము ప్రాక్టీసు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 80కి పైగా మ్యాచ్‌లు, రాత్రి ఒక ఊళ్లో ఆడి విమానం ఎక్కి మర్నాడు ఇంకో ఊళ్లో దిగి మళ్లీ ఆడాలి.

ఇక 2016 సమ్మర్. నా దృష్టిలో ఈ గొడవంతా పుట్టింది అక్కడే. వీసీని 2012 డ్రాఫ్ట్‌లో, అంటే కుర్ర ప్లేయర్ల హక్కుల్ని టీమ్‌లు వరసగా ఎంచుకునే చోట, నాష్‌విల్ తీసుకుంది, మూడో రౌండ్‌లో, 66వ నంబర్‌గా. ఈ 66 అన్న నంబర్ గుర్తుపెట్టుకోండి. అప్పటి రూల్ ప్రకారం నాలుగేళ్లు కాలేజీ పూర్తిచేసినవాడు డ్రాఫ్ట్ చేసిన టీమ్‌తో సైన్ చెయ్యకపోతే ఆగస్టు 15 తర్వాత ఫ్రీ ఏజెంట్ అయిపోయేవాడు, నచ్చిన టీమ్‌కి వెళ్లొచ్చు. వీసీ అదే చేశాడు. నాష్‌విల్‌కి నో చెప్పాడు, వాళ్లు జూన్‌లో అతని హక్కుల్ని ఒక మూడో రౌండ్ పిక్‌కి (డ్రాఫ్ట్‌లో ఆ రౌండ్‌లో ఒకరిని ఎంచుకునే ఛాన్స్‌కి) బఫలోకి ఇచ్చేశారు, బఫలోతో కూడా సైన్ చెయ్యలేదు, చివరికి న్యూయార్క్ రేంజర్స్‌ని ఎంచుకున్నాడు. అన్ని టీమ్‌లు వెంటపడ్డాయి కాబట్టి అంత గొప్ప ప్లేయర్ అనుకున్నారు జనం. అసలు విషయం ఏంటంటే కొత్తగా వచ్చే ప్లేయర్‌కి ఇచ్చే కాంట్రాక్ట్‌కి లీగ్‌లో సీలింగ్ ఉంటుంది, అప్పట్లో బేసిక్ జీతం ఏడాదికి 9,25,000 డాలర్లకి మించకూడదు, బోనస్‌లకి కూడా హద్దు ఉంది. బదులుగా ప్లేయర్‌నీ పిక్‌నీ ఇవ్వక్కర్లేదు, జీతం తక్కువ, వచ్చేవాడు రేపే ఆడటానికి రెడీ, ఇలాంటి బేరం ఏ టీమ్ వదులుకుంటుంది చెప్పండి? ఎగబడింది ఆ బేరం కోసం. అతను ఇంకో కరియా అవుతాడని అంత నమ్మకం ఉంటే మూడో రౌండ్ పిక్‌కే హక్కులు చేతులు మారేవి కావు కదా.

మరి వచ్చాక ఏం చేశాడు? మొదటి ఏడాది 80 మ్యాచ్‌లు, 16 గోల్స్. తర్వాతి రెండేళ్లూ 17, 17. మూడో ఏడు 35 పాయింట్లు, అదే అతని కెరీర్ బెస్ట్. మూడో రౌండ్‌లో వచ్చినవాడికి ఇది బ్రహ్మాండం అండి, ఆ రౌండ్‌లో ఎంపికైనవాళ్లలో చాలామందికి ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక పూర్తి సీజన్ కూడా దక్కదు.

అయితే మీ ఫ్రెండ్ వైపు కూడా న్యాయం ఉంది, అది దాచను. 2019లో బఫలోకి ట్రేడ్ అయ్యాక రెండేళ్లు నిజంగానే బాలేదు. బఫలోలో 9 గోల్స్, తర్వాత టొరంటోలో 30 మ్యాచ్‌లు ఆడాక సీజన్ మధ్యలో వేవర్స్ మీద పెట్టారు, అంటే ఎవరికైనా కావాలంటే ఊరికే తీసుకెళ్లండి అని, వాంకూవర్ తీసుకుంది, అక్కడ 20 మ్యాచ్‌ల్లో గోల్ సున్నా. ఇరవై ఏడేళ్లకి, ఒక గోల్ స్కోరర్ పీక్‌లో ఉండాల్సిన టైమ్‌లో ఇది. గోల్స్ కొట్టే పెద్ద లైన్లలో (లైన్ అంటే కలిసి ఆడే ముగ్గురు ఫార్వర్డ్‌ల జట్టు, టీమ్‌లో నాలుగుంటాయి) స్థిరపడే ఛాన్స్ అక్కడితో పోయింది, దాన్ని నిరాశ అంటే నేను కాదనను. నెట్ ముందు ఫినిష్ చెయ్యడం వచ్చు గానీ పక్ (హాకీలో కొట్టే రబ్బరు బిళ్ల) తీసుకుని మొత్తం ఆటని తనే నడిపించే టైపు కాదు, కాలేజీలో ఈ తేడా కనపడలేదు, ఇక్కడ కనపడింది.

కానీ నాకు ఇష్టమైన భాగం దాని తర్వాతే మొదలవుతుంది. 2021లో న్యూజెర్సీ, 2022లో మళ్లీ రేంజర్స్, రెండు చోట్లా కాంట్రాక్ట్ లేకుండా ట్రయల్ మీద క్యాంప్‌కి వెళ్లి ప్లేస్ సంపాదించుకున్నాడు. ఒకప్పుడు టీమ్‌లన్నీ వెంటపడిన మనిషి, ఒక్క ఛాన్స్ ఇవ్వండి అని క్యాంప్‌లో నిలబడటం మామూలు విషయం కాదు. రేంజర్స్‌లో ఈసారి అతని పని ఫోర్త్ లైను, పెనాల్టీ కిల్లు, అంటే తప్పు చేసి మన ప్లేయర్ ఒకడు బయట కూర్చున్నప్పుడు గోల్ పడకుండా ఆపడం. ఈసారి మ్యాచ్ చూసినప్పుడు పెనాల్టీ కిల్ ఫార్వర్డ్‌ని ఒక్కడినే ఫాలో అవ్వండి. మన వైపు నలుగురు, అవతల ఐదుగురు. అతను స్టిక్‌ని మంచుకి ఆనించి పాస్ వెళ్లే దారి మూసేస్తూ బ్లూ లైన్ దగ్గర షాట్ కొట్టడానికి చెయ్యెత్తినవాడి ఎదురుగా వెళ్లి నిలబడతాడు, పక్ కాలికి తగిలినా పక్కటెముకలకి తగిలినా పక్కకి జరగకూడదు, పక్ దొరికిందా గాజుకేసి కొట్టి బయటికి పంపెయ్యాలి, ముప్ఫై నలభై సెకన్లలో ఊపిరాడక బెంచికి పరిగెత్తాలి. దీనికి స్కోర్ షీట్‌లో పాయింట్ ఏమీ రాదు. కాలేజీలో 32 గోల్స్ కొట్టి దేశంలోనే టాప్‌గా నిలిచినవాడు ఈ పని నేర్చుకుని, చేస్తూనే 2022-23లో 11, ఆ మరుసటి ఏడు 13 గోల్స్ కొట్టాడు. మధ్యలో రెండేళ్ల కాంట్రాక్ట్ కూడా దక్కింది. 2025 మార్చిలో కొలరాడోకి ట్రేడ్ అయ్యే నాటికి అతని లెక్క 600 మ్యాచ్‌ల పైమాటే.

ఇంకోటి చెప్తాను, మీ ఫ్రెండ్‌కి ఇది తప్పకుండా చెప్పండి. వాళ్ల నాన్న జిమ్ వీసీ కూడా మెర్రిమాక్ కాలేజీలో పెద్ద స్టారే. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆయన ఆడింది 15 మ్యాచ్‌లు. కాలేజీ స్టార్ అన్న పేరుకీ ఎన్‌హెచ్‌ఎల్‌కీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ ఇంట్లో తెలిసినంతగా బయట కూర్చుని చూసేవాళ్లకి తెలీదు.

కాబట్టి నా తీర్పు ఏంటంటే, 2016 సమ్మర్‌లో జనం ఊహించుకున్న వీసీ రాలేదు, నిజమే. కానీ 66వ పిక్‌గా వచ్చిన వీసీ తన నంబర్‌ని మించి ఆడాడు, తొమ్మిది సీజన్లు లీగ్‌లో నిలబడ్డాడు. నేను దాన్ని సక్సెస్సే అంటాను.

ప్రశ్న: అయితే హోబీ బేకర్ గెలిచినవాళ్లలో నిజంగా నిరాశపరిచినవాడు ఎవరూ లేరంటారా? (పై ప్రశ్న అడిగినవారే)

జవాబు: ఉన్నారేమో గానీ ఆ మాట అనే ముందు ఎందుకు ఆగిపోయాడో చూడాలండి. 2010లో గెలిచిన బ్లేక్ జెఫ్రియాన్ ఉన్నాడు, ఇంటి నిండా హాకీ దిగ్గజాలే, 55 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడాడు, 2012 నవంబర్‌లో ఏహెచ్‌ఎల్ (ఎన్‌హెచ్‌ఎల్ కింద లీగ్) మ్యాచ్‌లో స్కేట్ తగిలి పుర్రె ఎముక లోపలికి నొక్కుకుపోయింది, మరుసటి ఏడాది ఆట మానేశాడు. ఆ కెరీర్‌ని నిరాశ అనడానికి నాకైతే నోరు రాదు. 1999 విన్నర్ జేసన్ క్రాగ్‌ది ఇంకో కథ, ఎన్‌హెచ్‌ఎల్‌లో గట్టిగా కుదురుకోలేదు, కానీ ఏహెచ్‌ఎల్‌లో 2007-08లో షికాగో వోల్వ్స్‌కి 112 పాయింట్లు కొట్టి బెస్ట్ ప్లేయర్ అయ్యాడు, టీమ్ కప్ గెలిచింది. అలాంటి సీజన్ ఆడినవాణ్ణి పట్టుకుని ఫెయిల్ అంటే ఎలా?

ప్రశ్న: ఇప్పుడు గెలుస్తున్నవాళ్ల మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు?

జవాబు: పుట్టిన తేదీ, డ్రాఫ్ట్ నంబర్, ముందు ఈ రెండూ చూడండి. 2024లో మాక్లిన్ సెలెబ్రినీ 17 ఏళ్లకే గెలిచాడు, 38 మ్యాచ్‌ల్లో 64 పాయింట్లు, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో సాన్ హోసే అతన్ని నంబర్ వన్‌గా తీసుకుంది. అలాంటివాడి మీద ఎంత ఆశ పెట్టుకున్నా తప్పులేదు. నాలుగో ఏడాదిలో, 22, 23 ఏళ్లకి గెలిచినవాడైతే మూడో లైన్లో స్థిరంగా ఆడితే చాలు అనుకుని చూడండి, అంతకు మించి ఆడితే హాయిగా చప్పట్లు కొట్టొచ్చు.